వినపడని అతుకు

పోయిన వారం జగ్గయ్యపేట నుంచి ఇద్దరు కుర్రాళ్ళు నందిగామలో మా బడికి వచ్చారు. తరగతి జరుగుతుండగా గుమ్మం దగ్గర నిలబడి, పోయిన ఇంజనీరుగారి మీద ఒక సంచిక వేస్తున్నామండి, ఆయన దగ్గర పని నేర్చుకున్నది మీరొక్కరేనట గదా, రెండు మంచి మాటలు రాసివ్వండి అన్నారు. ఆయన పోయిన సంగతి నాకప్పుడే తెలిసింది. నల్లబల్ల మీద సగం వేసిన లెక్క అలాగే వదిలేసి, పిల్లల్ని ఎక్కాలు చదవమని చెప్పి, వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో అది చల్లారి ఉంటుందనుకున్నాను. చల్లారలేదు.

ఆ కుర్రాళ్ళు పాపం మర్యాదస్తులు. ఇంకెవరెవరు ఏమేం రాశారో చెప్పారు. ఒకరు ఆయన్ని ముని అన్నారట. ఒకరు ఆయన చెవులకు దండం పెట్టాలన్నారట. ఆ రెండోమాట నేనూ ఒప్పుకుంటాను. ఆయన గురించి మంచి మాటలు నా దగ్గర లేక కాదు, చాలా ఉన్నాయి, దాచుకోను కూడా. కానీ అవి మాత్రమే చెప్పి ఊరుకోవడం నా చేత కాదు.

జగ్గయ్యపేటలో అందరూ ఆయన్ని ఇంజనీరుగారనే పిలిచేవారు. కొత్తవాళ్ళు రోడ్లు, కాలవలు వేయించే ఇంజనీరు అనుకునేవారు. ఒకసారి అనుమంచిపల్లి వైపు రైతు ఒకాయన చెరువు తూము చూసి పెట్టమని వచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. ఈయన మద్రాసులో సినిమా స్టూడియోల్లో చాలాకాలం పాటలు రికార్డు చేసి, ఎవరితోనో మాటపట్టింపు వచ్చి సొంతవూరు చేరాడని చెప్పుకునేవారు. పట్టింపు ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పాత పత్తి గోదాము మీద ఒక గది తీసుకుని, గోడలకు గోనెపట్టాలు, వాటి మీద పత్తి బొంతలు కొట్టించి, కిటికీలకు చెక్కలు బిగించి, అదే స్టూడియో అన్నాడు. లోపల ఫ్యాను లేదు. తిరిగితే గుర్రుమంటుందని. వేసవిలో ఆ గదిలో పాడి బయటికొచ్చిన హరిదాసు ఒకాయన నేరుగా కుళాయి కిందికి వెళ్ళి, పంచెతో సహా తడిసి, అప్పుడు గానీ మాట్లాడలేదు.

మా మిషను బడికి ఎవరో దొరలు ఒక టేప్‌రికార్డరు పంపారు. క్రిస్మస్ పాటలూ వాక్యాలూ రికార్డు చేసి పల్లెల్లో వినిపించాలని మా పాస్టరుగారి కోరిక. దాన్ని తిప్పడం ఎవరికీ రాదు. నేను ట్రైనింగు పూర్తిచేసి కొత్తగా చేరిన టీచర్ని, కరెంటు వస్తువంటే భయం లేనిదాన్ని. శనివారాలు జగ్గయ్యపేట వెళ్ళి ఆ పెద్దాయన దగ్గర నేర్చుకోమని పాస్టరుగారు పంపారు.

మొదటిరోజు గుమ్మంలో నిలబడి నమస్కారమండి అన్నాను. ఆయన వీపు నావైపు ఉంది. తిరగకుండానే, మళ్ళీ అనమన్నాడు. అన్నాను. ఇంకోసారి అనమన్నాడు. అలా గొంతు ఎండిపోయేదాకా నమస్కారం పెట్టించి, అప్పుడు తిరిగాడు. పొట్టి మనిషి, తెల్లచొక్కా, చెవుల మీద పొడుగాటి వెంట్రుకలు. "చివరి అక్షరం మింగేస్తున్నావు. మింగినవి మైకెక్కవు. ఎవరు నువ్వు?" అన్నాడు. నందిగామ నుంచి వచ్చానండి, బడిలో టీచర్నండి అన్నాను. "అయితే పంతులమ్మా, గాజులు తీసి బయట పెట్టు," అన్నాడు. అంతే, అదే నా చేరిక. నా పేరు రూతని ఆయనకు ఎప్పుడైనా తెలిసిందో లేదో నాకు తెలీదు.

చాలా శనివారాలు మైకు ముట్టుకోనివ్వలేదు. టేపు చుట్టించాడు, విప్పించాడు, మళ్ళీ చుట్టించాడు. చుట్టలో ఒక పోగు లేచి ఉంటే మొత్తం విప్పమనేవాడు. నేను మా పాస్టరుగారి ప్రసంగం వినిపిస్తే సగంలో ఆపి, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడిస్తున్నట్టుంది, ఈయన్ని ముందు గొంతు కడుక్కోమను అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ కోపంతో ఏడ్చిన రోజులున్నాయి. ఆయన మాత్రం ఎవర్నీ తక్కువ చేయలేదు, ఎక్కువా చేయలేదు. అందర్నీ సమంగా అవమానించేవాడు. ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి ప్రసంగం రికార్డు చేయించుకోవడానికి వస్తే, అయిపోయాక, "మీరు మాటిచ్చే ముందల్లా ఒక గుటక వేస్తున్నారు. ఉంచనా, తియ్యనా?" అని అడిగాడు. ఆయన మొహం ఎర్రబడింది. తీసేయమన్నాడు. ఈయన తీసేశాడు. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ రోజే ఆలోచించి ఉండాల్సింది, నవ్వేదేముంది అందులో అని.

ఆయన ఊళ్ళో నడిచేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు కాదు, బ్యాండు పడదని. పక్కన కూర్చున్నవాళ్ళు అప్పడం నమిలినా చిటికెనవేలు పైకెత్తేవాడు. ఆ వేలు లేచిందంటే ఏదో చప్పుడు ఆయనకు గుచ్చుకుందని అర్థం. గదిలో అందరూ ఊపిరి బిగబట్టి అదేమిటో వెతుక్కోవాలి. ఒకసారి నా చీర కుచ్చిళ్ళకు పెట్టిన గంజి గరగరమంటోందని బయటికి పంపాడు. ఎదురింటి దర్జీకి ఒక ఒప్పందం ఉండేది. గోదాము కిటికీకి ఎర్రగుడ్డ కడితే అతను మిషను ఆపాలి. అతను ఆపేవాడు. ఎందుకని అడిగితే, "పెద్దాయన ఊరికే కేకలెయ్యడమ్మా, ఏదో ఉంటది," అన్నాడు. ఆ ఏదో ఉండటం నిజమే. మెట్లెక్కే అడుగుల్ని బట్టి మనిషి ఆకలి మీదున్నాడో లేదో చెప్పేవాడు. పాడేవాడి గొంతులో రేపు రాబోయే జలుబు ఇవాళే విని, ఇవాళే పాడేసి పో అనేవాడు. అవన్నీ నేను కళ్ళారా చూశాను. కాదనను.

చివరికి ఒక శనివారం బ్లేడు నా చేతికిచ్చాడు. టేపును ఏటవాలుగా కోయాలి, అడ్డంగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. కోసిన రెండు కొసల్ని పలక మీద కలిపి, వెనకనుంచి సన్నటి జిగురుపట్టీ అంటించాలి. ఆయన నాచేత శనివారం రాను, ఆదివారం వస్తాను అనిపించి రికార్డు చేశాడు. ముందు తనే రెండు కోతలు కోసి చూపించాడు. యంత్రం మీద పెట్టి తిప్పాడు. శనివారం వస్తాను అంది నా గొంతు. నేను అనని మాట, నా గొంతుతో, నా ఊపిరితో, చివరి అక్షరం మింగకుండా.

"అతుకు వినపడిందా?" అన్నాడు.

లేదండి అన్నాను.

"అదీ. వినపడితే అది కోత, పంతులమ్మా. వినపడకపోతే అదే పాట."

ఆయన నోట నేను తరచుగా విన్న మాట అది. పాడటానికి వచ్చిన కొత్తవాళ్ళకు చెప్పేవాడు, తనకు తాను చెప్పుకునేవాడు. ఆ రోజు బస్సులో నందిగామ దాకా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను, ఇంత గొప్ప పని నేర్చుకుంటున్నాననుకుంటూ.

ఇక మా పెద్దమ్మ సంగతి.

కీసర దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో మా పెద్దమ్మ ఉండేది, ఎస్తేరమ్మ. అమ్మకు పెదనాన్న కూతురు. ఆమెకు దావీదని ఒక్కడే కొడుకు, నాకంటే రెండేళ్ళు చిన్న. ఆ ఊరి కామందు రాఘవయ్య తన మెరకచేలో బావి తవ్విస్తుంటే దావీదు ఆ పనిలో ఉన్నాడు. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు పొద్దున అంచు బీటలిచ్చి ఉండటం చూసి, దిగనండీ, మట్టి జారేట్టుందండీ అన్నాడట. దిగరా, నీళ్ళు పడ్డాక దిగుతావా అన్నాడట రాఘవయ్య. పక్కనున్న కూలీలంతా విన్నారు. దావీదు దిగాడు. మధ్యాహ్నానికి ఒకవైపు మొత్తం జారింది. వాణ్ణి పైకి తీసేసరికి పొద్దువాలింది.

పోలీసులొచ్చారు. మునసబు రాయించిన పంచనామాలో మట్టి జారి అని ఉంది. ఎవరు దించారో లేదు. విన్న కూలీలందరికీ రాఘవయ్య చేలోనే పని. వాళ్ళు ఆ మాట గట్టిగా అనలేకపోయారు. వాళ్ళనేం అంటాం. పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమెకు అరవడం రాదు, తిట్టడం రాదు. పాడటం వచ్చు. పొలంలో, దారిలో, ఇంటి ముందు ఏ పని చేస్తున్నా కొడుకును తలుచుకుని శోకం పెట్టేది, అందులో జరిగింది జరిగినట్టు చెప్పేది. వింటున్నవాళ్ళు తల వంచుకుని వెళ్ళేవారు. కొన్నాళ్ళకు ఊరికి అలవాటైపోయింది. ఎస్తేరు ఏడుస్తుందిలే అనుకున్నారు.

నేను మిషను తిప్పడం నేర్చుకుంటున్నానని ఆమె ఎవరి దగ్గరో విని, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నా పక్కన కూర్చుంది. "రూతూ, దాంట్లో ఎక్కిన మాట చెరిగిపోదంటగా," అంది. చెరిగిపోదు పెద్దమ్మా అన్నాను. "అయితే నా మాట ఎక్కించు. మునసబు కాయితంలో ఎక్కలా. అందులోనన్నా ఎక్కనీ." మా బడి మిషను అప్పటికి పాడై బెజవాడ వెళ్ళింది. పెద్దాయన్ని అడిగాను. తీసుకురా అన్నాడు.

ఆమె జగ్గయ్యపేట చూడటం అదే మొదలు. ఉతికిన చీర కట్టుకుని, బస్సు కిటికీ దగ్గర కూర్చుని, దారి పొడుగునా బయటికే చూసింది. గోదాము మెట్లెక్కి లోపలికి రాగానే ఆ గోడల్నీ బొంతల్నీ చూసి బిగుసుకుపోయింది. పాడమని ఆయన యంత్రం తిప్పాడు, ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గొంతు గాలిలో తేలిపోయింది. ఆయన చిరాకుపడతాడని నేను భయపడ్డాను. పడలేదు. ఆమె చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ చేతులు ఒళ్ళో ఉండలేక చీరకొంగును పీకుతున్నాయి. ఆయన కిందికి దిగి వెళ్ళి, గోదాములోంచి ఒక బుట్టెడు గింజ తీయని పత్తి తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఇది వొలుస్తా ఉండండమ్మా," అన్నాడు. పని లేకపోతే ఆమెకు పాట రాదని ఎవరూ చెప్పకుండా కనిపెట్టాడు. చప్పుడు చేయని పనే వెతికి తెచ్చాడు. చూస్తున్న నాకు ఆయన పాదాలు ముట్టుకోవాలనిపించింది.

పెద్దమ్మ పత్తి వొలుస్తూ ఎత్తుకుంది. మొదట గొణిగినట్టు, తర్వాత నిండుగా. దావీదు చిన్నప్పుడు మున్నేటి ఇసుకలో ఆడటం దగ్గర మొదలుపెట్టి, ముసురు పట్టిన రోజుల మీదుగా, ఆ పొద్దుటికి వచ్చింది.

"మట్టి జారుతుందయ్యా అన్నావు నాయనా, దిగరా దిగరా అన్నాడు రాఘవయ్య. ఒద్దయ్యా ఒద్దయ్యా అన్నావు నాయనా, నీళ్ళు నీకు తాగించాడు రాఘవయ్య. నేల నిన్ను కమ్ముకున్నాది నాయనా."

ఆమె ఆగేసరికి బుట్టలో పత్తంతా అయిపోయింది. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన ఎవరికీ చేతులెత్తి నమస్కరించగా నేను చూడలేదు. ఆమెకు నమస్కరించాడు.

"అంతా ఎక్కిందా బాబూ?" అంది పెద్దమ్మ.

"అంతా ఎక్కిందమ్మా."

"పేరు గూడా?"

"పేరు కూడా."

ఆమె బస్సులో నిద్రపోయింది. కొడుకు పోయాక కంటినిండా నిద్రపోలేదని మా అమ్మ చెప్పేది. నందిగామ వచ్చేదాకా నేను కదల్లేదు, నా భుజం మీద ఆమె తల ఉంది.

కొన్ని వారాల తర్వాత ఆయనే చెప్పాడు, ఆ పాట రేడియోవాళ్ళకు పంపాననీ, వాళ్ళు పల్లెపాటల్లో వేస్తున్నారనీ. కీసర వెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. ఊరంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రం పంచాయితీ ఆఫీసు రేడియో ముందు ఎన్నడూ లేనంత మంది చేరారు. మా పల్లెవాళ్ళు రోడ్డుకు ఇవతల కూర్చున్నారు. రాఘవయ్య అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఏం పాడుతుందో ఆయనకు తెలియదా. రోజూ ఆయన చేను గట్టు మీదే పాడింది. కానీ గట్టు మీద పాడటం వేరు, లోకం వినేట్టు పాడటం వేరు. ఆయన మొహం మాడి ఉంది. రాలేక వచ్చాడు, కూర్చోలేక కూర్చున్నాడు.

పాట మొదలైంది. ఆ పెట్టెలోంచి పెద్దమ్మ గొంతు వస్తుంటే మా వాళ్ళలో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇసుక వచ్చింది, ముసురు వచ్చింది. నేను పెద్దమ్మ చేయి పట్టుకుని ఉన్నాను. "మట్టి జారుతుందయ్యా అన్నావు నాయనా," అంది రేడియో. మరుక్షణం, ఊపిరి తీసుకున్నంత సహజంగా, "నేల నిన్ను కమ్ముకున్నాది నాయనా," అంది.

నేను చెవులు రిక్కించి విన్నాను. టక్కుమనలేదు. ఎక్కడా గతుకు లేదు. నా గురువు చేసిన పనుల్లో అంత మంచి అతుకు నేను వినలేదు. ఎవరూ దించకుండా, ఎవరూ కేకలేయకుండా, ఆ బావికే ఎందుకో ఆకలేసి పిల్లవాణ్ణి మింగేసినట్టుంది పాట.

రాఘవయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. అయిపోగానే గొంతు సవరించుకుని, "ఎస్తేరు బాగా పాడిందిరా. మనూరికి పేరు తెచ్చింది. రేపొచ్చి చీర పట్టుకెళ్ళవే," అన్నాడు.

ఆ మాట ఇవాళ రాస్తుంటే కూడా కలం రెండుసార్లు పక్కన పెట్టాను. ఆయన అన్నందుకు కాదు. ఆయన నుంచి ఇంకేం ఆశిస్తాం. ఆ మాట అనడానికి ఆయనకు వీలు కల్పించిన బ్లేడు ఎవరి చేతిలోదో నాకు తెలుసు గనక.

పెద్దమ్మ నా చేయి వదిలించుకుంది. నావైపు తిరిగి మెల్లిగా అడిగింది. "నేను పేరు చెప్పాను గదే రూతూ. నువ్వక్కడే ఉన్నావుగా."

చెప్పావు పెద్దమ్మా, నేను విన్నాను అన్నాను.

ఆమె లేచింది. రోడ్డు దాటి, అరుగు ముందుకెళ్ళి నిలబడింది. రేడియోలో మిరప, పొగాకు ధరలు చదువుతున్నారు. దాన్ని ఎవరూ కట్టేయలేదు. ఆమె ఆ ధరల మీదుగానే ఎత్తుకుంది. మొదటి నుంచి కాదు. కోసేసిన చోటి నుంచి. దిగరా దిగరా అన్నాడు రాఘవయ్య. అది ఇంటి ముందు పాడే గొంతు కాదు, స్టూడియోలో పాడిన గొంతూ కాదు. నేను అంతకుముందు వినలేదు. నీళ్ళు నీకు తాగించాడు రాఘవయ్య. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది, ప్రతిసారీ ఒక మెట్టు కిందికి దించుతూ, బావిలోకి దిగుతున్నట్టు. రోడ్డుకు ఇవతల, ఆ రోజు బావి దగ్గర పనిచేసిన కూలీల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఇంకొకాయన. వాళ్ళు ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డారు. రాఘవయ్య కండువా దులుపుకుని, కుర్చీ వెనక్కి నెట్టి, ఎవరివైపూ చూడకుండా ఇంటికి నడిచాడు. ఆయన మీద ఏ కేసూ రాలేదు. ఆ ఏడు పెద్దమ్మను మిరపకోతకు పిలవలేదు. కంచికచర్ల వెళ్ళి పొగాకు గ్రేడింగు పని చేసుకుంది. ఇంతే జరిగింది.

నేను శనివారం దాకా ఆగలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి జగ్గయ్యపేట బస్సెక్కాను. గాజులతోనే లోపలికి వెళ్ళాను. ఆయన చిటికెనవేలు లేచింది. నేను తీయలేదు.

"పేరేదండీ?" అన్నాను.

"ఏ పేరు?"

"రాఘవయ్య పేరు."

"తీసేశాను," అన్నాడు, పాట మధ్యలో వచ్చిన దగ్గు తీసేశాను అన్నట్టు.

"ఆయన మీ చుట్టమా?"

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఆ రాఘవయ్య ఎవరో తనకు తెలియదన్నాడు. పేరుతో పంపితే రేడియోవాళ్ళు పక్కన పెట్టేవాళ్ళనీ, పంపకపోతే తన బీరువాలో పడి ఉండేదనీ, ఇవాళ ఆ పాట విని మద్రాసు నుంచి పాతస్నేహితులు కబురు పెట్టారనీ చెప్పాడు. తర్వాత, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా, "పేరుంటే అది ఒక ఊరి తగాదా, పంతులమ్మా. పేరు లేకపోతే తల్లి ఏడుపు. ఏ తల్లిదైనా," అన్నాడు.

"ఆవిడ ఏ తల్లి కోసమో ఏడవలేదండీ. దావీదు కోసం ఏడ్చింది. వాణ్ణి ఎవరు దించారో చెప్పడానికి బస్సెక్కి మీ దగ్గరికొచ్చింది."

"నీకు పాట తెలీదు."

"మీరు మాటిచ్చారు. పేరు కూడా ఎక్కిందన్నారు."

"ఎక్కింది. ఎక్కలేదని నేనన్నానా?"

ఆ కోసిన ముక్క ఇవ్వమన్నాను. పారేశానన్నాడు. అప్పుడు చెప్పాను, పంచాయితీ ముందు జరిగిందంతా. రాఘవయ్య చీర మాట, పెద్దమ్మ రోడ్డు దాటడం, పాడటం, కూలీలు లేవడం. సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన ముందుకు వంగి, ఎడమచెవి నావైపు తిప్పి విన్నాడు. కూలీల దగ్గరికి వచ్చేసరికి చేయి ఊపి, అది కాదు, పాట సంగతి చెప్పు అన్నాడు. ఏ స్థాయిలో ఎత్తుకుంది, కిందికి దించిందంటే ఎంత కిందికి, మాట విరిగిందా, సాగిందా. ఆయన మొహంలో నిజమైన దుఃఖం ఉంది.

"అక్కడ మైకెవరూ పెట్టలేదా?" అన్నాడు.

నేను మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. మా బడి మిషను బాగై వచ్చాక నాకు తెలిసినంతలో పాటలు రికార్డు చేశాను. బ్లేడు మాత్రం ముట్టుకోలేదు. దగ్గులు, బెంచీల చప్పుళ్ళు, పిల్లల నవ్వులు అన్నీ అలాగే ఉంచాను. పాస్టరుగారు బాగాలేదన్నారు. సరేనండి అన్నాను.

ఆయన్ని ఇంకొక్కసారి చూశాను. ఆ తర్వాతి ఎండాకాలంలో, ఒక ఆదివారం నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా, బ్యాటరీలతో నడిచే చిన్న యంత్రం భుజానికి తగిలించుకుని, పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, నడుచుకుంటూ మా పల్లెలోకి వచ్చాడు. చెవుల్లో దూది లేదు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. పెద్దమ్మ పొయ్యికి మట్టి మెత్తుతోంది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు జరగమంది.

"ఏం బాబూ, ఇంతదూరం వచ్చారు," అంది, చేతులు కడుక్కోకుండానే.

"పంచాయితీ దగ్గర పాడారటగదమ్మా. ఆ ముక్క మళ్ళీ పాడతారేమోనని."

"పాడితే పేరుంచుతారా?"

ఆయన తలూపితే సరిపోయేది. ఆమె మళ్ళీ నమ్మేది కూడా.

"నా దగ్గర ఉంచుతానమ్మా. రేడియోకి మాత్రం ఇవ్వలేను," అన్నాడు.

"మీ గదిలోనా?"

"నా గదిలోనే."

"మీ గదిలో వినేదానికి ఎవరుంటారు బాబూ?" అంది పెద్దమ్మ. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. ఆయన యంత్రం పట్టీ భుజం మీద సర్దుకున్నాడు. ఆమె పొయ్యివైపు తిరిగి మట్టి అందుకుంది.

ఆయన అబద్ధం చెప్పలేదని, అందుకు మెచ్చుకోవాలని నాకు తర్వాత చాలామంది చెప్పారు. నా కోపం అక్కడే ఎక్కువైంది. అబద్ధం ఆడలేని మనిషి, మనిషి గొంతులో ఇంత తడి వినగలిగిన మనిషి, ఆ చేతులతో ఆ పని చేశాడు. చేతగానివాడు చేసి ఉంటే ఆ అతుకు టక్కుమనేది, ఊరంతా వినేది, రాఘవయ్యకు చీర మాట అనడానికి నోరొచ్చేది కాదు. ఆయనకు పని బాగా వచ్చు గనకనే దావీదును రెండోసారి పూడ్చిపెట్టగలిగాడు. సంచికవాళ్ళు ఇది వేసుకుంటే వేసుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం ఆయన తిరిగి రోడ్డు వైపు నడిచి వెళ్తుంటే, యంత్రం ఒకవైపు బరువై భుజం కిందికి వంగి ఉంది. ఎండ మండిపోతోంది. నేను సాగనంపలేదు. మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

"వెళ్ళాడా?" అంది పెద్దమ్మ.

వెళ్ళాడన్నాను.

"ఎండన పడి వచ్చాడు. మంచినీళ్ళన్నా తాగాడా?"

అడిగితే తాగేవాడే, మా ఇంటి నీళ్ళని పట్టింపు ఆయనకు లేదు. నేను అడగలేదు. అడిగి ఉండాల్సిందని నాకు ఇవాళ్టికీ అనిపించడం లేదు.